రెండు వేళ్ళ చోటు

ఆరోజు అక్క చేసిన ఆఖరి పని, పై అంతస్తులో ఉండే నర్సు యూనిఫాంకి పక్క కుట్లు విప్పడం.

నర్సు ఈ ఏడాది కాస్త ఒళ్ళు చేసింది. "అక్కా, గట్టిగా ఊపిరి పీలిస్తే గుండీ ఊడి పేషెంటు నెత్తిన పడేలా ఉంది, ఏదో ఒకటి చెయ్యి" అని ముందురోజు సాయంత్రం తెచ్చి బల్ల మీద పడేసి పోయింది. పొద్దున్నే అక్క షట్టరెత్తి, కిటికీ పక్క స్టూలు మీద కూర్చుని, బ్లేడు మొనతో ఒక్కొక్క కుట్టూ తెంపుతోంది. కుట్టు విడిన చోటల్లా లోపల మడిచిపెట్టిన గుడ్డ బయటికొచ్చింది. రెండు వేళ్ళ వెడల్పు. ఎండా దుమ్మూ తగలని గుడ్డ కాబట్టి మిగతా యూనిఫాం కన్నా తెల్లగా ఉంది.

"చూడవే, కుట్టించుకున్నప్పుడే చెప్పాను దానికి, లోపల దాచానని. నాకెందుకక్కా అని నవ్వింది" అంది అక్క.

చెల్లెలు వినిపించుకోలేదు. బ్యాగంతా తిరగేస్తోంది. "అక్కా, నా ఐడీ కార్డు చూశావా?"

"మెళ్ళో చూస్కో."

కార్డు మెళ్ళోనే ఉంది. చెల్లెలు నాలుక కరుచుకుని బయల్దేరింది. రోడ్డు దాటి బస్టాపులో నిలబడ్డాక వెనక్కి చూస్తే, అక్క రోజూలాగే కిటికీలో నిలబడి చేతి గడియారం వంక చూసుకుంటోంది. నేనింకా చిన్నపిల్లననుకుంటుంది, ఆఫీసుకి ఆలస్యమవుతానని దాని బెంగ, అనుకుంది చెల్లెలు. విసుగ్గానే చెయ్యూపింది. అక్క కూడా ఊపింది, బ్లేడున్న చేత్తో.

పదకొండున్నరకి నర్సు ఫోన్ చేసింది. గుండె అట. స్టూలు మీంచి కింద పడలేదు కూడా, బల్ల మీదికి అలా ఒరిగిందట. చెల్లెలు వచ్చేసరికి యూనిఫాం ఒక పక్క పూర్తిగా విప్పి ఉంది. రెండో పక్క సగం దాకా.

అప్పట్నించి చెల్లెలికి కాలు ఒకచోట నిలవదు. షాపు వెనక ఉన్నవి రెండే గదులు. ఆ గదిలోంచి ఈ గదిలోకి, ఈ గదిలోంచి షాపులోకి కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంది. మిషను ముందు కూర్చుంటుంది, లేస్తుంది. టీ పెట్టుకుంటుంది, తాగడం మర్చిపోతుంది. కత్తెర చేతిలోకి తీసుకుని ఎందుకు తీశానా అని ఆలోచిస్తుంది. ఇదివరకు ఈ ఇంట్లో ఇలా తిరిగేది అక్క. చెల్లెలు ఒకచోట కూర్చుని, "కాసేపు కుదురుగా ఉండవే, నాకు తల తిరుగుతోంది" అని అరిచేది.

అక్కని వీధంతా టేపక్క అనేది. కొలతల టేపు మెళ్ళోంచి తీసిన పాపాన పోలేదు. ఒకసారి బ్యాంకుకి కూడా అలాగే వెళ్ళింది. అక్కడి వాచ్‌మన్ "ఏమ్మా, లాకరు కొలవడానికొచ్చావా?" అంటే, "కాదు, నీ చొక్కా కాలరు వదులైంది, అది చూద్దామని" అంది. మనిషి ఎదురుపడితే మొహం కన్నా ముందు భుజాలు చూసేది. "ఆయనకి కుడి భుజం అరంగుళం కిందికుంది. బ్యాగు మోసే ఉద్యోగమై ఉంటుంది" అని గొణిగేది. చాలాసార్లు నిజమయ్యేది.

ఆ షాపు నాన్నది. అమ్మ చెల్లెలికి ఊహ తెలియకముందే పోయింది. నాన్న పోయేనాటికి అక్కకి పంతొమ్మిది, చెల్లెలికి తొమ్మిది. అక్క చదువాపేసి మిషనెక్కింది. పని మాత్రం అప్పటికే నాన్న పక్కన నిలబడి నేర్చుకుని ఉంది, ఆయన పట్టింపులతో సహా. ఏది కుట్టినా లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలేది. మనిషి ఈరోజున్నట్టు రేపుండడు, రేపు విప్పుకోడానికి ఏమీ లేకపోతే ఆ బట్ట చిరగడమే గతి అని నాన్న చెప్పేవాడట. గీత గీస్తే గుడ్డకి వెనకవైపే గీసేది. "గుడ్డకి మొహం ఒక పక్కే ఉంటుంది. మొహమ్మీద గీతలు గీస్తామా? కుట్టేవాళ్ళకి కావలసింది వెనక ఉంటుంది, కట్టుకునేవాళ్ళకి కావలసింది ముందుంటుంది." చెల్లెలు ఈ మాట ఎన్నిసార్లు విందో! చిన్నప్పుడు లెక్కల నోటుబుక్కులో కూడా అక్క కాగితం వెనకవైపు లెక్క చేసి చూపించేది. టీచరు తిట్టేది చెల్లెల్ని.

ఇక కొలతల పుస్తకం. అందులో ఒక్క పేరుండదు. ఎవరి నడుమెంతో వాళ్ళ సొంత వ్యవహారం, పుస్తకం బల్ల మీద పడి ఉంటుంది, పదిమందీ చూస్తారు అన్నది నాన్న వాదన. అందుకని ఒక్కొక్కరికీ పేజీ పైన ఒక బొమ్మ. నర్సుకి థర్మామీటరు. సందు చివర ఉండే రిటైరయిన మాస్టారికి కళ్ళజోడు. సెలూన్ నడిపే ఆయనకి దువ్వెన. చెల్లెలికి నాలుగు చిల్లులున్న గుండీ. నాలుగేళ్ళ వయసులో ఆమె ఒక గుండీ మింగేసి ఇంటిల్లిపాదినీ రెండు రోజులు పరుగులు పెట్టించింది. గుండీ ఏమైందో మరి, పేరు మాత్రం మిగిలింది. అక్క ఆమెని ఎప్పుడూ గుండీ అనే పిలిచేది.

ఏడేళ్ళప్పుడు చెల్లెలు బడి మెట్ల మీంచి పడింది. విరిగిన ఎముక సరిగా అతకలేదు. ఎడమ కాలు కుడికాలి కన్నా ఒక వేలు మందం పొట్టిది. చూసేవాళ్ళకి చటుక్కున తెలియదు, అక్క తెలియనిచ్చేది కాదు. గౌనుకైనా పంట్లాంకైనా ఎడమ అంచు ఒక వేలు ఎక్కువ మడిచి కుట్టేది. నడకలో ఉన్న చిన్న ఒరుగు అంచులో కనబడేది కాదు. ఇద్దరిలో ఎవరూ కాలి ఊసు ఎత్తకూడదన్నది ఆ ఇంట్లో ఎవరూ పెట్టని రూలు. ఎవరైనా జాలిగా "పాపం" అంటే చెల్లెలు వాళ్ళతో ఏడాది మాట్లాడేది కాదు.

కంప్యూటరు నేర్చుకుని, నాలుగైదు చోట్ల తిరిగి, చివరికి నగరం ప్లానింగ్ ఆఫీసులో తాత్కాలిక ఉద్యోగం సంపాదించింది చెల్లెలు. నగరానికి ముప్పై ఏళ్ళ ప్లాన్ తయారవుతోంది. రోడ్లు ఎటు పోవాలి, పార్కులెక్కడుండాలి, ఎక్కడ ఎన్ని అంతస్తులు లేవాలి, అన్నీ మ్యాపుల మీద గీసి, వీధి వీధికీ తీసుకెళ్ళి జనానికి చూపించి, వాళ్ళ మాట కూడా వినాలని పైనుంచి ఆర్డరు. జనం నింపిన ఫారాలు స్కాన్ చేసి, ఏ ఫారం దేని గురించో చూసి, కంప్యూటర్లో ఎక్కించడం చెల్లెలి పని. రోడ్లకి ఒకటో నంబరు, నీళ్ళకి రెండు, పార్కులకి మూడు. ఏమీ రాయని ఫారానికి సున్నా, పక్కన 'ఖాళీ'. పని సరిగ్గా చేస్తే పర్మనెంట్ చేస్తామన్నారు. ఆమె కళ్ళకద్దుకుని చేసింది.

వాళ్ళ వీధివాళ్ళ మీటింగు దగ్గర్లోని బడి హాల్లో పెట్టారు. గోడకి తలుపంత మ్యాపు. బెంచీల మీద చిన్న మ్యాపులు ముద్రించిన ఫారాలు. నచ్చినదాని మీద పచ్చ స్టిక్కరు, నచ్చనిదాని మీద ఎర్ర స్టిక్కరు అంటించాలి, ఇంకేమైనా చెప్పాలంటే ఫారంలో గుర్తు పెట్టి నెలరోజుల్లో సూచనల పెట్టెలో వెయ్యాలి. ప్లానర్ మేడమ్ నవ్వుమొహంతో అన్నీ ఓపిగ్గా చెప్పింది. మంచి మనిషి. అప్పటికి ఆ వారంలో అది ఆమెకి పదకొండో మీటింగు, గొంతు పోయింది.

చెల్లెలు గుమ్మం దగ్గర బల్లేసుకుని వచ్చినవాళ్ళ చేత సంతకాలు పెట్టిస్తోంది. మాస్టారు అందరికన్నా ముందొచ్చి, లైబ్రరీ గురించి అరగంట మాట్లాడి, మళ్ళీ మొదటికొచ్చారు. వెనక బెంచీలోంచి సెలూనాయన అందుకున్నాడు.

"మాస్టారూ, మీరు కూర్చోండి. మేడమ్, ముప్పై ఏళ్ళ తర్వాతంటున్నారు, అప్పటికి ఈ హాల్లో సగం మందికి జుట్టే ఉండదు. నా సంగతేంటో కూడా మ్యాపులో పెట్టండి."

హాలంతా నవ్వింది. సరిగ్గా అప్పుడు అక్క లోపలికొచ్చింది, మెళ్ళో టేపుతో. చెల్లెలు రమ్మని చెప్పలేదు. అసలు మీటింగు సంగతే చెప్పలేదు. అక్క సంతకం పెట్టేచోట ఆగలేదు, తిన్నగా గోడ దగ్గరికెళ్ళి మ్యాపు ముందు నిలబడింది. ముక్కు ఆనించి చూసింది. వెనక్కి జరిగింది. మళ్ళీ ముందుకొచ్చింది.

"ఈ నీలం గీత ఏంటండీ?"

"మీ మెయిన్ రోడ్డేనమ్మా. ఇప్పుడు నాలుగు వరసలుంది, ఆరు చేస్తాం. మొదటి రెండేళ్ళలోనే" అంది మేడమ్.

"మా సందు మొదట్లో సిగ్నలుంది, దాటడానికి. అది కనబడదే?"

"అది తీసేస్తున్నాం. అక్కడ బళ్ళు ఆగిపోతున్నాయి కదా. బదులుగా ఇదిగో, మార్కెట్ దగ్గర కాలినడక వంతెన."

అక్క మెళ్ళోంచి టేపు లాగి మ్యాపు మీద పెట్టింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"నాలుగున్నర అంగుళాలు. అంటే ఎంత దూరం?"

"నాలుగు వందల మీటర్లుంటుంది."

"మెట్లెన్ని?"

"ఇంకా డిజైన్ కాలేదమ్మా. ఒక యాభై లోపు."

"లిఫ్టు?"

"అది తర్వాతి దశలో."

"తర్వాతంటే ఎప్పుడు?"

"మొత్తం ప్లానే ముప్పై ఏళ్ళది కదమ్మా" అని మేడమ్ నీరసంగా నవ్వింది.

అక్క టేపు చుట్టుకుంటూ ఒక్క క్షణం ఆలోచించింది. "అంతా అంచుదాకా కుట్టేశారండీ. లోపల ఏమన్నా వదిలారా?"

"అంటే?"

"రేపెప్పుడైనా విప్పుకోవాలంటే."

మేడమ్‌కి అర్థం కాలేదు. సెలూనాయనకీ అర్థం కాలేదు గానీ, "టేపక్కా, నగరానికి జాకెట్టు కుడుతున్నావా?" అన్నాడు. ఈసారి నవ్వు ఇంకా పెద్దగా లేచింది. చెల్లెలు తలెత్తలేదు. పక్కన కూర్చున్న ఆఫీసు పిల్ల చెవి దగ్గరికొచ్చి, "ఎవరే ఆవిడ, నీకు తెలుసా?" అంది.

"మా వీధిలో టైలరు" అంది చెల్లెలు.

ఆ మాట అక్క చెవిన పడిందో లేదో ఈనాటికీ తెలియదు. మధ్యలో నాలుగు బెంచీలున్నాయి, అందరూ నవ్వుతున్నారు. అక్క ఒక ఫారం మడిచి చేతిసంచీలో పెట్టుకుని, వచ్చినంత తిన్నగా వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు గోల. అన్నం ముందు ప్రశ్న, టీ ముందు ప్రశ్న. ఆరు వరసల రోడ్డంటే ఎన్నడుగులు? సిగ్నల్లో దాటేవాళ్ళ దీపం ఎంతసేపు వెలుగుతుందో ఎవరు నిర్ణయిస్తారు? రోడ్డు మధ్యలో నిలబడ్డానికి గట్టు కడతారా? చెవిలో జోరీగలా వదిలేది కాదు. చెల్లెలు మొదట్లో తెలిసినంత చెప్పింది. తర్వాత ఊఁ అంది. మూడో వారంలో ఒకరోజు, పొద్దున్నే జడ వేసుకుంటుంటే అక్క కిటికీ దగ్గర్నించి, "ఏమే గుండీ, ఆ మేడమ్ ఫోన్ నంబరిస్తావా?" అంది. చెల్లెలికి ఒళ్ళు మండింది.

"ఎందుకు? మెట్లెన్నో మళ్ళీ అడగడానికా? ఆఫీసులో నన్ను తలెత్తుకోనివ్వవా? అందరూ నవ్వారు ఆరోజు, నీకు తెలుసా?"

"నవ్వితే నవ్వారు. నేనేం అరిగిపోయానా?"

"నీకేం, నువ్వు వచ్చేస్తావు. రోజూ వాళ్ళ మొహాలు చూడాల్సింది నేను. అసలు నీకెందుకీ గొడవ?" చెల్లెలు దువ్వెన విసిరికొట్టింది. "నా కాలు సంగతి గానీ అక్కడెక్కడైనా ఎత్తావో, చెప్తున్నా, ఈ ఇంట్లో ఉండను."

అక్క మొహం ఒక్కసారి మారింది. తర్వాత మామూలుగా నవ్వింది.

"నీ కాలి ఊసు ఎవరెత్తారే? అటుపక్క కాలనీ వాళ్ళందరూ ఆ సిగ్నల్ దాటేగా నా దగ్గరికొచ్చేది. అది మూసేస్తే నాకు గిరాకీ ఉంటుందా? నా షాపు గొడవ నాది."

"అయితే నీ షాపు గొడవ నా ఆఫీసులోకి తేకు."

అంతే. నాలుగు రోజులు మాటల్లేవు. చెల్లెలు పొద్దున్నే వెనక గుమ్మంలోంచి బయటికెళ్ళి, కిటికీ వైపు తల తిప్పకుండా విసవిసా రోడ్డు దాటేసేది. ఆ నాలుగు రోజుల్లోనే ఒక సాయంత్రం లోపలి గదిలో పడుకుని ఉండగా షాపులోంచి కరకరమని చప్పుడు వినిపించింది. కాగితం మీది గీత కిందికి దిగేలా టైలర్లు దొర్లించే చిన్న పళ్ళ చక్రం చప్పుడు అది. ఎవరిదో చొక్కా అనుకుని అటు తిరిగి పడుకుంది.

ఐదోరోజు అక్కే మాట కలిపింది. "ఉప్పు ఎక్కువైందా?" అంది. "లేదు" అంది చెల్లెలు. అయిపోయింది. మ్యాపు ఊసు మళ్ళీ రాలేదు. ఒక్కసారి మాత్రం, గడువు దాటిన రోజు, నోట్లో సూదులు పెట్టుకుని పని చేసుకుంటూ అడిగింది.

"పెట్టెలో వేసిన కాగితాలన్నీ చదువుతారా మీవాళ్ళు?"

"ప్రతి ఒక్కటీ. ఎక్కించేది నేనే కదా."

"అయితే సరే" అంది అక్క, సూదులు పక్కకి జరిపి.

ఆ మాటతో చెల్లెలికి అర్థమైంది. ఫారం వేసిందన్నమాట. మరునాడు వాళ్ళ వీధి కట్ట రాగానే ముందుగా అక్క ఫారం కోసం వెతికింది. ఎవరైనా చూసి నవ్వేలోగా తనే ఎక్కించేద్దామని, అందులో కాలి సంగతి ఉంటే ఏం చెయ్యాలో అప్పుడు చూద్దామని. కట్టలో డెబ్బైమూడు ఫారాలున్నాయి. మాస్టారు లైబ్రరీ గురించి నాలుగు కాగితాలు పిన్ను కొట్టారు. సెలూనాయన పార్కింగు అడిగాడు. నర్సు వీధి దీపాలు అడిగింది. ఒకదాని మీద టీ మరక, ఒకదాని మీద ఎవరి పిల్లలో గీసిన ఏనుగు. అక్క పేరున్న ఫారం లేదు. అక్క చేతిరాత లేదు. నా కోసమే మానేసినట్టుంది అనుకుంది చెల్లెలు. ఊపిరి పీల్చుకుంది. ఆ వెంటనే ఎందుకో ఏమీ బాగోలేదనిపించి లేచి నీళ్ళు తాగొచ్చింది.

ఏమీ రాయనివి ఆరున్నాయి. పేరు లేదు, ఇంటి నంబరు లేదు, స్టిక్కరు లేదు. అందులో ఒకటి వేళ్ళకి గరుగ్గా తగిలింది. రోడ్డు గీత వెంబడి సన్నటి చిల్లులు. ఎవరో గోడకి గుచ్చారు కాబోలు. స్కానరు ఒక పక్కే తీస్తుంది. ఆరూ వరసగా పెట్టింది. సున్నా, ఖాళీ. సున్నా, ఖాళీ.

ఇది జరిగిన ఐదు వారాలకి అక్క పోయింది.

చెల్లెలు పదోరోజుకే ఆఫీసుకొచ్చేసింది. ఇంట్లో ఉంటే పిచ్చెక్కేలా ఉంది. ఆఫీసులోనూ కుర్చీలో నిలవలేకపోయింది. ఫైలు తెస్తానని లేచేది, ఫైలు లేకుండా వచ్చేది. ఆ వారంలోనే ఆఖరి మీటింగు. జనం చెప్పినవన్నీ పరిశీలించాం, ఇదిగో ప్లాన్ అని చదివి ఆమోదించడమే. తెర మీద వీధి వీధికీ ఒక పేజీ వస్తోంది. చెల్లెలు వెనక గోడకానుకుని, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ నిలబడింది. వాళ్ళ వీధి పేజీ వచ్చింది. లైబ్రరీ: ఐదు సూచనలు, అంగీకరించబడింది. మాస్టారు లేచి నిలబడి అందరికీ దణ్ణం పెట్టారు. పార్కింగు: ఇరవైరెండు. వీధి దీపాలు: తొమ్మిది. సందు మొదటి సిగ్నల్ తొలగింపు: అభ్యంతరాలు, సున్నా.

ఎవరికీ అభ్యంతరం లేదు కాబట్టి ఆ పేజీ మూడు క్షణాల్లో వెళ్ళిపోయింది. ఆమోదించారు. చప్పట్లు కొట్టారు.

బయట వరండాలో మేడమ్ చెల్లెల్ని చూసి ఆగింది. "మీ వీధిలో ఒక టైలరుండేది కదా, మొదటి మీటింగులో టేపుతో కొలిచింది? ఆవిడ సిగ్నల్ గురించి గట్టిగా రాస్తుందనుకున్నాను. రాస్తే ఆలోచించాలని నేనే పక్కన గుర్తు కూడా పెట్టుకున్నా. ఒక్క కాగితమైనా లేకుండా నేనేం చెప్పగలను పైవాళ్ళకి?"

"ఆవిడ మా అక్క" అంది చెల్లెలు.

చెల్లెలే మళ్ళీ అడిగింది. "మేడమ్, ఏదైనా కాగితం పొరపాటున ఎక్కకపోయి ఉంటే?"

"ఇప్పుడిక కుదరదమ్మా. ఐదేళ్ళకోసారి సవరణ ఉంటుంది. అప్పుడు పెట్టుకోవచ్చు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఐదేళ్ళకి రోడ్డైతే వేసేస్తారు."

కాగితాలన్నీ చదువుతారా అని అడిగి, "అయితే సరే" అని అక్క ఎలా అందో చెల్లెలికి అప్పుడు గుర్తొచ్చింది. ఫారం వెయ్యని మనిషి అనే మాట కాదది. ఆమె అక్కడ నిలబడలేకపోయింది. మెట్లు రెండేసి దిగబోయి, కాలు కుదరక, రెయిలింగు పట్టుకుని ఒక్కొక్కటే దిగింది. కింద సామాన్ల గదిలో అన్ని వీధుల ఫారాలూ అట్టపెట్టెల్లో ఉన్నాయి. వాళ్ళ వీధి పెట్టె మూడో వరసలో అడుగున. పైపెట్టెలు దించి, తాడు తెంపి, నేల మీదే కూర్చుని ఒక్కొక్క కాగితం చూసింది. ఏనుగు వచ్చింది, టీ మరక వచ్చింది, మాస్టారి నాలుగు కాగితాలూ వచ్చాయి. తర్వాత చూడడం మానేసి కళ్ళు మూసుకుని వేళ్ళతో వెతికింది. గరుగ్గా తగిలిన చోట ఆగింది.

కాగితం తిప్పింది. ఇంట్లో వందసార్లు విన్న మాట. ఇరవై ఏళ్ళు టైలరు పక్కన బతికి, ఒక్క కాగితం తిప్పలేకపోయింది.

వెనకవైపు పళ్ళ చక్రం చుక్కలు రోడ్డై నడిచాయి. దానికడ్డంగా, షాపు గుమ్మం నుంచి అటుపక్క బస్టాపు దాకా, గుడ్డ మీద గుర్తులు పెట్టే నీలం పెన్సిల్‌తో ఒక గీత. గీత మధ్యలో, సరిగ్గా రోడ్డు నడుమ, రెండు వేళ్ళ వెడల్పున ఒక చిన్న గడి. పక్కన అక్క రాత: "దారి మూయకండి. ఇక్కడ నిలబడడానికి ఈ మాత్రం చోటు వదలండి." కాగితం పైన పేరుండాల్సిన చోట నాలుగు చిల్లులున్న గుండీ.

షాపు గురించి ఒక్క ముక్క లేదు. కాలి గురించీ లేదు.

కింద వరసగా తేదీలున్నాయి, ఇరవైరెండు. మొదట "దీపం 25 సెకన్లు" అని రాసి కింద గీత కొట్టింది. తర్వాత తేదీ, దాని పక్కన రోడ్డు దాటిన సెకన్లు. నలభై. ముప్పై తొమ్మిది. నలభై ఒకటి. ఒక తేదీ పక్కన చిన్న గొడుగు బొమ్మ, నలభై ఏడు. ఆరోజు వాన. కిటికీలో నిలబడి గడియారం చూసుకునే అక్కకి రోజూ ఆఫీసు ఆలస్యం బెంగనే అనుకుంది తను.

చెల్లెలు తేదీల మీద వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ వెళ్ళింది. మాటల్లేని ఆ నాలుగు రోజుల దగ్గరికొచ్చేసరికి వేలు ఆగింది. అక్కడ ఖాళీ ఉంటుందనుకుంది. ఆ నాలుగు రోజులూ ఆమె వెనక గుమ్మంలోంచి వెళ్ళింది, కోపంతో విసవిసా దాటేసింది, కిటికీ వైపు చూడనైనా లేదు.

నాలుగింటి పక్కనా అంకెలున్నాయి. ముప్పై ఆరు, ముప్పై ఐదు, ముప్పై ఐదు, ముప్పై ఆరు. మిగతా అన్ని రోజులకన్నా తక్కువ.